అడిగేదాకా తేవద్దు

ఇకమీదట ఈ దేశంలో ఏ పౌరుడూ పట్టికలో ఒక వరుసగా బతకనక్కర్లేదని మంత్రిగారు ప్రకటించారు. గత ప్రభుత్వాలు మనుషుల్ని గళ్లు గీసి వరుసల్లో పడేశాయని, తమ ప్రభుత్వం ఒక్కొక్కరినీ నిండు ఆబ్జెక్ట్‌గా నిలబెడుతుందని, అదీ నలభై రోజుల్లోనే అని చెప్పి మంచినీళ్లు తాగారు. సభ మారుమోగిపోయింది. అర్థం కాని మాటకు కొట్టే చప్పట్ల జోరే వేరు.

టీవీలో ఇది చూస్తున్న ఒక తల్లికి మాత్రం బెంగ పట్టుకుంది. జనాభా రిజిస్టర్ ఆఫీసులో డేటాబేస్ డిజైన్ చేసేది ఆమె కూతురే. తల్లి బడికి వెళ్లింది ఎనిమిదో తరగతి దాకానే అయినా, భయపడటంలో మాత్రం పెద్ద చదువే చదివింది. కూతురు రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే ఆసుపత్రుల నంబర్లు వెతికే మనిషి.

కూతురు ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే తల్లి అడిగింది. "నీ సంతకం ఎక్కడైనా ఉంటుందా?"

"డిజైన్ మీద నాదేనమ్మా."

తల్లి టీవీ కట్టేసింది.

ఆమెకు ధైర్యం చెప్పడానికి కూతురు వంటగదిలోకి తీసుకెళ్లి వివరించింది. పప్పు ఒక డబ్బాలో, ఉప్పు ఒక డబ్బాలో ఉన్నట్టు, పేర్లు ఒక పట్టికలో, ఇళ్లు ఒక పట్టికలో, ఎవరికి ఎవరేమవుతారో ఇంకో పట్టికలో ఉన్నాయి. ఫలానా మనిషి ఎవరని అడిగినప్పుడు అన్నింట్లోంచీ తీసి కంచంలో వడ్డించినట్టు ఒక్కచోట చూపించాలి. ఆ కంచమే ఆబ్జెక్ట్. కిందనున్న డబ్బాలు పాతవే, వాటిని మార్చే టైము లేదు.

తల్లి డబ్బాల వైపు చూసింది. "కంచం కడిగేస్తే డబ్బాలో ఉన్నది కూడా పోతుందా?"

ఆఫీసులో ఏడుగురు ఇంజనీర్లున్నారు. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"మనం ఎలా రాసుకుంటే అలా," అంది కూతురు.

మంత్రిగారి గ్రహణశక్తి అసామాన్యం. సమీక్షకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, పది నిమిషాల్లో విషయమంతా ఆకళింపు చేసుకున్నారు. తండ్రి ఆబ్జెక్ట్‌కు ఉన్నవన్నీ కొడుకు ఆబ్జెక్ట్‌కు ఏ శ్రమా లేకుండా వచ్చేస్తాయని తెలిసి, ఇంత చక్కటి పద్ధతిని ఇన్నాళ్లూ ఎందుకు దాచారని అధికారులను మందలించారు. లోపల ఏముందో బయటివాళ్లకు కనపడదని చెబితే, తమ పార్టీ మొదటినుంచీ అంతేనన్నారు. అన్నిటికంటే ఆయనకు నచ్చింది మరొకటి. ఎవరైనా అడిగితే తప్ప వివరాలు బయటికి తీయకుండా ఉంటే పని తేలికవుతుందని కూతురు చెప్పింది. మంత్రిగారు అక్కడికక్కడే అన్ని ఆఫీసులకూ ఒక సర్క్యులర్ పంపించారు: అడిగేదాకా ఏదీ తేవద్దు.

ఆఖర్న తమవంతుగా ఒక నిబంధన చేర్చారు. పిల్లలు తండ్రి కింద ఉండాలి, తండ్రి లేనిదే కింద ఎవరూ ఉండకూడదు. తండ్రిని తొలగిస్తే పిల్లలూ పోతారని కూతురు లేచి చెప్పింది.

"క్రమశిక్షణంటే అదేనమ్మా," అన్నారు మంత్రిగారు.

"తండ్రి చనిపోయినవాళ్లు సార్?"

"వాళ్లకొక ఉపసంఘం వేద్దాం."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే తల్లి కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది. ఇదంతా రాసివ్వమంది, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోమంది. కూతురు రెండు పేజీలు రాసింది. శాఖ కార్యదర్శిగారు అందులో ఒక్క ముక్కైనా చదవకుండా 'చర్చించాం' అని రాసి ముద్ర గుద్దారు. తల్లి దానికి మూడు జిరాక్సులు తీయించి ఒకటి బీరువాలో చీరల మడతల్లో, ఒకటి చెల్లెలింట్లో, ఒకటి తన చేతిసంచిలో పెట్టుకుంది.

ప్రారంభోత్సవానికి ఆమె కూడా వెళ్లింది, ఏదైనా అయితే కూతుర్ని ఇంటికి తీసుకొచ్చేయడానికి. ముందు వరుసలో మంత్రిగారి తల్లిని కూర్చోబెట్టారు. ఏ సభకైనా మంత్రిగారు ఆవిణ్ణి తెప్పించి, కెమెరాలు సర్దుకున్నాక కౌగిలించుకుంటారు. ఆవేళ వెలుతురు సరిపోలేదని మూడుసార్లు కౌగిలించుకున్నారు. మూడోసారికి ఆవిడ కళ్లజోడు కింద పడింది.

రిజిస్టర్‌లోంచి చనిపోయినవాళ్ల పేర్లు తీసే మహాకార్యాన్ని తన ఇంటినుంచే మొదలుపెడతానని మంత్రిగారు గద్గద స్వరంతో చెప్పారు. కీర్తిశేషులైన తండ్రిగారి పేరు తెరమీదకు తెప్పించారు. కూతురు వెనక వరుసలోంచి లేచి, "సార్, ఒక్క నిమిషం," అంది. కార్యదర్శిగారు కూర్చోమని చెయ్యి ఊపారు. మంత్రిగారు మీట నొక్కారు.

తెరమీద 'తొలగించినవి: 1' అని పడింది. తర్వాత 2. మంత్రిగారు. తర్వాత ఆయన ఇద్దరు తమ్ముళ్లు, యువజన విభాగం అధ్యక్షుడైన కొడుకు, ఆ కొడుకు పిల్లలు, తమ్ముళ్ల పిల్లలు. అంకె పెరిగినకొద్దీ చప్పట్లు పెరిగాయి. పదకొండు దగ్గర ఆగినప్పుడు జనం లేచి నిలబడ్డారు.

సచివాలయం గేటు దగ్గర యంత్రం మంత్రిగారి కార్డు చూసి, ఇలాంటి వ్యక్తి లేరంది.

"నేనెవరో తెలుసా?" అన్నారు మంత్రిగారు.

"అది కూడా అదే అడుగుతోంది సార్," అన్నాడు కాపలావాడు.

మూడో రోజు కార్యదర్శిగారు కూతుర్ని సస్పెండ్ చేసే కాగితం తయారుచేశారు. దానిమీద మంత్రిగారి సంతకం కావాలి. ఆ సంతకం చేయాల్సిన మనిషి రిజిస్టర్‌లో లేరు. ఇంతలో తల్లి వచ్చి చేతిసంచిలోంచి జిరాక్సు తీసి బల్లమీద పెట్టింది. కార్యదర్శిగారు తమ ముద్రను తామే చాలాసేపు చూసుకుని, ఈ కాగితం ఇంకెవరి దగ్గరైనా ఉందా అని మర్యాదగా అడిగారు.

తన పేరు తిరిగి చేర్చమని మంత్రిగారు దరఖాస్తు పెట్టారు. లేని మనిషి దరఖాస్తు తీసుకునే కిటికీ ఏదీ లేదు. ఆయన తరఫున ఇంకెవరైనా అడగవచ్చు. ఇరవై రెండు రోజులు గడిచాయి, ఎవరూ అడగలేదు. ఆయన సంతకం కోసం ఆగే ఫైళ్లు ఇప్పుడు ఆగకుండా వెళ్లిపోతున్నాయి. మంత్రివర్గ సమావేశంలో ఒక కుర్చీ తీసేశాక కాళ్లు చాపుకోవడానికి వీలైందని తక్కిన మంత్రులు సంతోషించారు.

తల్లికి మాత్రం తిండి సయించడం లేదు. ఆయన వెనక్కొస్తే మొదటి సంతకం ఏ కాగితం మీద పడుతుందో ఆమెకు తెలుసు.

"తేవాలంటే ఎంతసేపు పడుతుంది?"

"ఐదు నిమిషాలు. కాపీ తీసి ఉంచాను. ఎవరైనా అడిగితే తెచ్చేయాలమ్మా, అది నా పని."

"కన్నతల్లి ఉందిగా. ఆవిడ అడక్కుండా ఉంటుందా?" తనైతే మొదటి నిమిషంలోనే అడిగేది.

"పొద్దున్న ఫోన్ చేసింది."

తల్లి చేతిసంచి దగ్గరికి లాక్కుంది. "తెమ్మందా?"

"లేదమ్మా. ఇలాగే ఉంచెయ్యాలంటే ఫారం ఏదైనా నింపాలా అని అడిగింది."