ఓడలో కోదండం చూపిన దారి

ఆ రోజు పొద్దున కోదండం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓడలో ఇడ్లీలు తినడం, మీటింగు హాలుకు వెళ్ళడం, డీలర్‌షిప్పు చేజిక్కించుకోవడం. మూడింటిలో ఆయన ఇబ్బంది లేకుండా చేయగలిగింది మొదటిదే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు చీరల దుకాణం ఉంది. తాతగారు పోచంపల్లిలో మగ్గం నేశారు. కోదండం మగ్గం మీద చెయ్యి పెట్టిన పాపాన పోలేదు గానీ, చీరల సంగతి తన రక్తంలోనే ఉందని గిరాకీలకు చెబుతుంటాడు. ఆయన సరుకు తెచ్చుకునే కంపెనీ యజమాని శ్రవణ్‌కుమార్, తండ్రి గద్దె మీద కొత్తగా కూర్చున్న కుర్రవాడు. తమ చీరలు అమ్మే దుకాణదారులందరినీ కుటుంబ సమేతంగా చెన్నైలో క్రూజ్ షిప్పు ఎక్కించాడు. కొత్తపేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఇకమీదట ఒకే పెద్ద డీలరు ఉంటాడని, ఆ పేరు ఓడలో జరిగే మీటింగులోనే ప్రకటిస్తానని అన్నాడు. పోటీలో మిగిలింది ఇద్దరు. ఒకడు కోదండం. రెండోవాడు ఎల్బీ నగర్ జోగారావు, తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డవాడు.

కోదండానికి ఒక నియమం ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎవరినీ దారి అడగలేదు. ఒకసారి తుర్కయంజాల్‌లో పెళ్ళికని బయలుదేరి, ఎల్బీ నగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు వదిలేసి విజయవాడ రోడ్డు పట్టాడు. హయత్‌నగర్‌లో ఎవరిదో పెళ్ళిలో దూరి, బహుమతి ఇచ్చి, భోంచేసి వచ్చాడు. "పిల్లగాడెవరో గుర్తుపట్టలే గని, బగారన్నం మస్తున్నది" అన్నాడు ఇంటికొచ్చి.

టిఫిన్ కాగానే జోగారావు వడ్డించే కుర్రాడిని ఆపాడు. "బాబూ, మీటింగు హాలు ఎటు వైపండీ?" కుర్రాడు ఎడమవైపు చూపించాడు. జోగారావు అటే వెళ్ళిపోయాడు.

కోదండం పెదవి విరిచాడు. "చూసినవా? హాలు తొవ్వ తెల్వనోడు డీలర్‌షిప్ ఏం నడుపుతడు?"

"మనకు తెల్సా?" అంది భార్య ప్రసన్నలక్ష్మి.

"తెల్సుడేంది, నడిస్తె అదే కనపడ్తది."

జోగారావు ఎడమకు వెళ్ళాడు గనుక కోదండం కుడికి తిరిగాడు. జోగారావు వెనకాల నడవడమంటే ఆయన దృష్టిలో డీలర్‌షిప్పును పళ్ళెంలో పెట్టి అప్పగించడమే.

పొడుగాటి సందు. రెండు వైపులా ఒకే రకం తలుపులు, కింద ఒకే రకం తివాచీ. ఆ చివర లిఫ్టు. ఎక్కితే మళ్ళీ అదే సందు, అవే తలుపులు. కోదండం ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తన సొంత గోడౌనులో తిరుగుతున్నట్టు నడిచాడు. దారి తెలియని మనిషి అంత ధీమాగా నడుస్తాడని లోకానికి ఇంకా తెలియదు. అందుకే కర్మన్‌ఘాట్‌లో చీరలమ్మే అండాలమ్మ, "కోదండమన్న పోతుండు, తొవ్వ ఎరికే ఉంటది" అని తన వాళ్ళను తీసుకుని వెంటబడింది. వాళ్ళను చూసి ఇంకొందరు. వెనక్కి తిరిగి చూసుకుంటే ఊరేగింపు.

ఇక ఆగడానికి లేదు. ఒక తలుపు తోశాడు. అది వ్యాయామశాల. నలుగురైదుగురు చెమటలు కక్కుతూ యంత్రాల మీద నడుస్తున్నారు.

"చూడు, ఎంత నడిచినా ఉన్నకాన్నే ఉన్నరు" అని కోదండం నవ్వాడు. కనీసం ఆ సంగతి వాళ్ళకు తెలుసు.

"ఓ అయ్యా, జర ఎవర్నన్న అడుగరాదు?" అని ప్రసన్నలక్ష్మి చొక్కా లాగింది. ఆయన విదిలించుకుని, ఎదురుగా కనబడ్డ బరువైన తలుపు భుజంతో నెట్టాడు. గాలి ఈడ్చి మొహాన కొట్టింది. బయట సముద్రం. నెత్తి మీద వరసగా వేలాడుతున్న లైఫ్ బోట్లు. ముందుకు దారి లేదు.

"ఏందన్నా, హాలేది?" అంది అండాలమ్మ. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. తప్పిపోయానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఆయన నోట పలకదు.

"హాలుకు తర్వాత పోదం. ముందు గీ పడవలు చూస్కోవాలె" అన్నాడు గంభీరంగా.

"పడవలెందుకు? ఓడకేమన్న అయిందా?"

కోదండం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేను చెప్తె మీరు పరేషానైతరు."

అండాలమ్మ మిగతావాళ్ళను పిలుచుకురావడానికి లోపలికి పరుగెత్తింది. ఆమె పరుగు చూసినవాళ్ళు ఎందుకని అడగకుండా పడవల వైపు పరుగెత్తారు. ఓడెక్కిన రోజు సిబ్బంది లైఫ్ జాకెట్లు కట్టుకోవడం నేర్పుతుంటే వీళ్ళంతా ఫోటోలు దిగారు. ఇప్పుడు పడవల పక్కనున్న జాకెట్ల పెట్టె మూత పీకి, ముందుది వెనక్కి, వెనుకది ముందుకు తొడుక్కున్నారు. ఒకాయన జాకెట్ కాళ్ళకు ఎక్కించుకున్నాడు. ప్రసన్నలక్ష్మి కర్మన్‌ఘాట్ హనుమంతుడికి ఆకుపూజ మొక్కుకుంది.

ఆ జనాన్ని చూసేసరికి కోదండానికే అనుమానం వచ్చింది. ఇంతమంది ఊరికే వస్తారా? ఏదో అయ్యే ఉంటుంది! తాను పుట్టించిన పుకారును అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఆయనే. "జరగుండ్రి, జరగుండ్రి! ఫస్టు ఒచ్చింది నేను!" అని, తిరిగొచ్చిన అండాలమ్మ చేతిలోని జాకెట్ గుంజుకుని తొడుక్కున్నాడు.

ఇంతలో తెల్ల యూనిఫారం ఆఫీసరు పరుగున వచ్చాడు. ఓడకేమీ కాలేదని మైకులో అరిచి, "కిస్‌నే బులాయా సబ్‌కో?" అంటూ, అందర్నీ పిలిచిందెవరని గర్జించాడు. వేళ్ళన్నీ కోదండం వైపు లేచాయి. ఆయన అండాలమ్మ వెనక్కి నక్కబోయాడు. పోయింది. డీలర్‌షిప్పూ పోయింది, దిల్‌సుఖ్‌నగర్‌లో పరువూ పోయింది.

అప్పుడు గుంపును చీల్చుకుని ఒక మనిషి ముందుకొచ్చాడు. జుట్టు చెదిరి ఉంది, ఒంటి మీద ఒకటి కాదు, రెండు లైఫ్ జాకెట్లు. యజమాని శ్రవణ్‌కుమార్. ఆయనకూ హాలు దొరకలేదు. సొంత మీటింగుకు దారి అడగడం నామోషీ అనుకుని తిరిగి తిరిగి, జనం పరుగెత్తుతుంటే తానూ పరుగెత్తాడు.

అందరూ ఆయన రెండు జాకెట్ల వంక చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"శభాష్ కోదండం గారూ!" అని భుజం తట్టి, ఆఫీసరు వైపు తిరిగాడు. "ఇది మా కంపెనీ సేఫ్టీ ప్రాక్టీస్. నేనే పెట్టమన్న. ఒక్క మాటకు గింతమందిని కదిలించిండు, లీడరంటే గీయన!"

ఆఫీసరు నొసలు కొట్టుకుని వెళ్ళిపోయాడు. చప్పట్లు మోగాయి. సరిగ్గా అప్పుడే జోగారావు వచ్చాడు, ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని కూర్చుని, చివరికి ఎవరినో అడిగి.

"ఏమైందండీ? మీటింగు అక్కడే కదండీ?"

శ్రవణ్‌కుమార్ మొహం చిట్లించాడు. "గింతమంది జాకెట్లేసుకుని నిలబడితె మీరొక్కరే ఏసీల కూసున్నరా? మీకు బాధ్యతెక్కడున్నది?"

"పిలిచింది అక్కడికే కదండీ..." అన్నాడు జోగారావు. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. కొత్తపేట నుంచి ఎల్బీ నగర్ దాకా డీలర్‌షిప్పు అక్కడికక్కడే కోదండం పాలైంది.

నిమిషం క్రితం నక్కబోయిన మనిషి ఇప్పుడు ఛాతీ విరిచాడు. ఈ బహుమానం తన తెలివికే దక్కిందని అప్పటికే నమ్మేశాడు కూడా. "రాండ్రి, అన్నాలు తినే యాళ్ళయింది. అందరు నా ఎనక రాండ్రి" అని చేయెత్తి, జాకెట్ విప్పకుండానే కదిలాడు. ఆయన వెనకే యజమాని, యజమాని వెనకాల తక్కినవాళ్ళంతా. ప్రసన్నలక్ష్మి ఒక్క క్షణం జోగారావు వంక చూసింది. ఏం చేస్తుంది, ఆమె కూడా మొగుడి వెంటే వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం వేడివేడిగా భోంచేసింది జోగారావు ఒక్కడే.