మూసే వేళకి 'ఉక్కు పిడుగు'

హెవీ మెటల్ సంగీతం మానవజాతికి వరం! నవ్వకండి. సూపర్ మార్కెట్ కట్టేసే వేళ దాటినా సబ్బుల అరల మధ్య షికారు చేసే కస్టమర్లను, ఒక్క మాట అనకుండా బయటికి పంపే శక్తి ఇంకే సంగీతానికుంది, చెప్పండి?

'ఉక్కు పిడుగు' బ్యాండు ఇప్పుడా సేవలోనే ఉంది. నాలుగు ఆల్బమ్‌ల తర్వాత గిటారిస్టు ఇళ్ల స్థలాల వ్యాపారంలోకి దిగాడు. డ్రమ్మరు చెవి మిషన్లు అమ్ముతున్నాడు. పోగొట్టినవాడే తిరిగి అమ్మడం, ఎంత బాధ్యత! మిగిలింది గాయకుడు. గాయకుడంటే గాయం చేసేవాడని బావమరిది అర్థం చెబితే, ఆయనే ముందు నవ్వాడు.

పొద్దున్నే వేస్తే బేరాలు పెరుగుతాయని మార్కెట్ మేనేజరుకి ఆల్బమ్ ఇచ్చిందీ ఆయనే. మేనేజరు విన్నాడు. సాయంత్రానికి మార్చాడు. స్పీకర్లో డ్రమ్మరు తాళం వేయగానే, గేటు దగ్గర వాచ్‌మన్ తాళం తీసి పట్టుకుంటాడు. ఖాళీ హాళ్లలో పాడినవాడు హాళ్లు ఖాళీ చేయించే స్థాయికి ఎదిగాడు! ఇంతమందిని కదిలించిన పాట ఇంకోటుందా అని భార్యను అడుగుతుంటాడు. ఆవిడ బండి తోసుకుంటూ కౌంటరు వైపు నడుస్తుంది.

ఆయన బాధ వేరే ఉంది. ఆ పాట చివర అరుపులుండవు. ఒక్క గిటారు, ఒక్క గొంతు. పెళ్లైన కొత్తలో ఆవిడ కోసమే కట్టిన ముక్క. అక్కడిదాకా ఆగిన శ్రోత ఇంతవరకూ పుట్టలేదు. ఇంట్లో ఆవిడ కూడా మొదటి కేకకే లేచి తలుపు వేసుకునే మనిషి. ఇక్కడా అంతే, జనం ఖాళీ కాగానే మేనేజరు పాట ఆపేస్తాడు.

నిన్న బిల్లింగ్ మిషను మొరాయించింది. క్యూ కదల్లేదు, అందులో ఈ దంపతులూ ఉన్నారు. సామాను వదల్లేక, చెవులు మూసుకుని అందరూ భరించారు. పాట చివరికొచ్చింది.

చెవుల మీది చేతులు మెల్లగా దిగాయి. మిషను బాగైందని కౌంటరమ్మాయి పిలిచినా ముందున్నాయన కదల్లేదు. ఆవిడ బండి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, ఇది మీరేనా?"

ఆయన తలూపాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. గాయకుడు షేక్‌హ్యాండుకి చెయ్యి తుడుచుకున్నాడు.

"సార్, పాట బ్రహ్మాండం. ఆ చివరి ముక్కొక్కటి కత్తిరించి ఇస్తారా? జనం ఆగిపోతున్నారు."

అరిచింది ఆవిడ. 'ఉక్కు పిడుగు' తన కెరీర్ మొత్తంలో అంత పిచ్ ఎన్నడూ అందుకోలేదు.