కోళ్ళగూటి మీద ట్రావిస్

డెరింబా నియోజకవర్గం పుట్టి బుద్ధెరిగాక ఏ ఎంపీనీ రెండోసారి గెలిపించిన పాపాన పోలేదు. ఒకసారి వీళ్ళను, మరోసారి వాళ్ళను, మార్చి మార్చి పంపుతుంది. మెల్‌బోర్న్‌కు గంటన్నర రైలు ప్రయాణం. పసిపిల్లలు లేని ఇల్లు ఉండదు, కోళ్ళు లేని పెరడు అరుదు. అక్కడి ఎంపీ గ్లెనిస్‌కు ఈ ఆనవాయితీని తానే చెరిపెయ్యాలని పట్టుదల. ఓడిపోతే మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ బల్లే గతి.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక గురువారం పొద్దున ఆమె రైల్లో ప్రచారానికి బయల్దేరుతుంటే, స్కూలు బస్సు నడిపే భర్త డారెల్ కోళ్ళగూడు కప్పు బాగుచేస్తానన్నాడు.

"నీ ప్రచారం బోర్డులు నాలుగివ్వు. ప్లాస్టిక్‌వి కదా, వాన దిగదు."

"నా మొహం మీద కోళ్ళు రెట్టలెయ్యాలా? చస్తే ఇవ్వను!"

డారెల్ పెళ్ళాం మాట జవదాటే మనిషి కాదు. ఎదురింటి కెవ్‌ను అడిగాడు. కెవ్ గ్లెనిస్ ప్రత్యర్థి ట్రావిస్ తరఫున తిరుగుతున్నాడు.

"ఒరే, మీ ఆవిడ చూస్తే నీ వీపు విమానం మోత మోగుతుంది."

"తన మొహం వద్దంది. ట్రావిస్ మొహం సంగతి ఏమీ అనలేదురా."

బొమ్మ లోపలికి తిప్పి బిగిస్తే కోళ్ళు మనిషి మొహం చూసి బెదిరిపోతాయి, గుడ్లు మానేస్తాయి. ఆ అనుభవం డారెల్‌కు ఇదివరకే ఒకసారి అయింది. అందుకని కెవ్ ఇచ్చిన నలుగురు ట్రావిస్‌లనూ బయటికే తిప్పి మేకులు కొట్టాడు. పెరటి కంచె వెనకే రైలు పట్టాలు.

రైల్లో గ్లెనిస్, నోరీన్ అనే పెద్దావిడ పక్కన కూర్చుని, "ట్రావిస్‌ను నమ్మితే నట్టేట మునిగినట్టే" అని చెబుతోంది. నోరీన్ కిటికీలోంచి చూసింది.

"అది మీ పెరడే కదూ అమ్మాయ్?"

గ్లెనిస్ చూసింది. నలుగురు ట్రావిస్‌లూ చిరునవ్వు నవ్వుతూ వెనక్కి వెళ్ళిపోయారు. రైలుపెట్టెలో అందరూ ఫోన్లు బయటికి తీశారు.

మధ్యాహ్నానికల్లా ఆ ఫొటో ఊరంతా తిరిగింది. ఎంపీగారి మొగుడే ట్రావిస్ మనిషట అన్నారు. పార్టీ వ్యూహకర్త సెబాస్టియన్ మెల్‌బోర్న్ నుంచి లాప్‌టాప్‌తో ఊడిపడ్డాడు.

"మేడమ్, చిన్నపిల్లల తల్లులు మన చేతిలోంచి జారిపోతున్నారు. ఆ బోర్డులను వెంటనే కప్పించండి."

"విన్నావా మహానుభావా? కప్పెయ్!" అని అరిచింది గ్లెనిస్.

డారెల్ కప్పాడు. ఇంట్లో గ్లెనిస్ బోర్డులు రెండే మిగిలాయి. పైన ఇద్దరు గ్లెనిస్‌లు, కింద ఇద్దరు ట్రావిస్‌లు. మర్నాడు పొద్దుటి రైలు అదీ చూసింది. ఇద్దరూ లోపాయికారీగా కలిసిపోయారని సాయంత్రానికి రూఢి అయింది.

ఈసారి ట్రావిస్ పార్టీవాళ్ళు ట్రావిస్ పీక పట్టుకున్నారు. "ఆవిడ పెరట్లో నీకేం పనయ్యా?" అన్నారు. అతగాడికి ఒళ్ళు మండి టీవీవాళ్ళ ముందు నోరు జారాడు.

"కోళ్ళకూ నాకూ ఏ సంబంధమూ లేదు! అసలు ఈ రోజుల్లో బుద్ధున్నవాడెవడైనా పెరట్లో కోళ్ళను పెంచుతాడా?"

డెరింబా ఆ మాట విన్నది. టీవీ కట్టేసి, కోళ్ళకు మేత వెయ్యడానికి వెళ్ళింది.

ఓటింగ్ రోజున బడి ఆవరణలో, ఓటర్లకు అమ్మడానికి కాల్చే మాంసపు సాసేజ్‌లు ఎప్పటిలాగే మాడాయి. నోరీన్ చంకలో కోడిపెట్టతో వరుసలో నిలబడింది. ఎన్నికల అధికారి ఆ కోడి మీద పార్టీ గుర్తులేమైనా ఉన్నాయేమో అటూ ఇటూ తిప్పి చూసి, లేవని తేలాక లోపలికి పంపాడు. ఆ రాత్రే లెక్క తేలి గ్లెనిస్ గెలిచింది. రెండోసారి! ఆనందం పట్టలేక డారెల్ భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది.

సెబాస్టియన్ డారెల్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఈ ఎత్తు మీకెలా తట్టింది సార్?"

"కప్పు కారుతోంది" అన్నాడు డారెల్.

మర్నాడు గ్లెనిస్ తనే నాలుగు బోర్డులు మోసుకొచ్చింది.

"ఆ ట్రావిస్‌ను పీకి పారెయ్. నావి వేసుకో. కానీ మళ్ళీ రైల్లోవాళ్ళ కంట పడకూడదు. మొహం లోపలికి తిప్పు."

డారెల్ ఏదో చెప్పబోయాడు. చరిత్ర తిరగరాసిన మనిషితో వాదనెందుకని సుత్తి అందుకున్నాడు.

ఆ వారం నుంచి ఎంపీగారి ఇంట్లో గుడ్లు కొనుక్కుంటున్నారు.