జీపు కింద ఎల్లేశం

ఈ లోకంలో నాకు అన్నిటికన్నా భయం మా ఆయన చేతిలో పానా. పామును చూస్తే పక్కకు జరుగుతాను. పానాను చూస్తే మాత్రం పిల్లను చంకనేసుకుని పరుగెత్తుతాను. ఎందుకంటే పానా పట్టాక ఆయన ఉత్త ఎల్లేశం కాదు.

"డిటెక్టివ్ ఎల్లేశం! నా కంటికి చిక్కని నేరం ఇంకా తల్లి కడుపుల నుంచి బయట పడలే!"

ఆ ఆదివారం మధ్యాహ్నం నానక్‌రామ్‌గూడలోని మా వాకిట్లో ఈ ప్రకటన మళ్లీ మోగింది. నేరం ఏమిటంటే, మా జీపు వెనకాల శబ్దం. కదిలితే టకటక, ఉరికితే టకటకటకటక, ఆగితే మౌనం.

నవ్వి ఊరుకునే విషయం కాదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంప్యూటర్ ఆఫీసు వాళ్లు సోమవారం పొద్దున ఎనిమిదింటికి జీపు చూపించమన్నారు. నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ల మనుషుల్ని తిప్పే పని మాదే. టకటకలాడే బండి ఎవరికి నచ్చుతుంది?

మూసాపేట మెకానిక్ మల్లయ్య శనివారమే ఆ శబ్దం విన్నాడు.

"డిఫరెన్షియల్ గేర్లు కావచ్చు," అన్నాడు. వెనక చక్రాల నడుమ ఇనుప కుండలాంటిది ఉంటుందే, అందులోని పళ్లచక్రాలు. "నాకాడ ఇడిస్తే నాలుగు దినాలు. ముందుగాల అండ్ల ఆయిల్ తీసి చూడు. ఇనుప పొడి కనవడితే గేర్లు పోయినట్టు. కనవడకుంటే జర ముట్టకు అన్నా. విప్పుడు అల్కనే, మళ్ల కూర్చుడే కష్టం."

నాలుగు రోజులు అక్కడ వదిలితే పని పోతుంది. మా ఆయన విప్పితే జీపే పోతుంది.

ఆయన ఆయిల్ తీశాడు. నా పప్పు గిన్నెలోకే తీశాడు. వేలు పెట్టి ఎంత కెలికినా పొడి లేదు.

"మల్లన్న ముట్టద్దన్నడు గదయ్యా!"

"పిచ్చిదానా! పొడి లేదంటే ఏంది? నేరస్థుడు సాక్ష్యాన్ని గూడ మాయం చేసిండు!"

"ఎవరా నేరస్థుడు?"

"పక్కింటి లింగయ్య! మన గేర్ల పండ్లు పీకి ఆని ట్రాక్టర్‌కు వెట్టుకున్నడు."

లింగయ్య ఏమైనా కట్టుడు పళ్ల డాక్టరా? ఏడో తరగతితో బడి మానిన నాకే ఆ అనుమానం వచ్చింది.

"పానా తే!"

పానా అప్పటికే మా మూడేళ్ల హర్షిణి కింద ఉంది. నేనే దాచి, దాని మీద పిల్లను కూర్చోబెట్టి, చేతికి సకినం ఇచ్చాను.

"పానా గూడ పోయిందా? అయితే ఇది పెద్ద ముఠానే!" అంటూ టార్చి పట్టుకుని జీపు కింద దూరాడు. బయట రెండు కాళ్లు మిగిలాయి.

సకినం అయిపోయింది. హర్షిణి లేచింది. "నాయినా, పానా!" అని తనే తీసుకెళ్లి ఇచ్చింది. కన్నబిడ్డే ముఠాలో చేరితే ఇక ఎవరికి చెప్పుకోను?

కిర్రుమంటూ మొదటి బోల్టు కదిలింది.

"టార్చి ఎవలు వట్టుకున్నరురా?" అరుగు మీది నుంచి మా అత్త సత్తెమ్మ అడిగింది.

"ఈడ కొక్కెం ఉన్నదమ్మా. దానికే తగిలించిన."

"జీపు కింద కొక్కెం ఏందిరా?"

"డిటెక్టివ్‌కు ప్రకృతే సాయం జేస్తది!"

హర్షిణికి ఆ టార్చి కావాలి. పాకుతూ కిందికి వెళ్లి, దాని తాడు పట్టి ఒక్క గుంజు గుంజింది.

ఠంగ్! వెంటనే "అమ్మా!" కాళ్లు రెండుసార్లు గాలిలో తన్నుకున్నాయి.

బయటికొచ్చిన ఆయన నుదుటిమీద సగం చంద్రుడంత బొప్పి. చేతిలో నల్లదారం వేలాడుతున్న గుర్రపు నాడ.

"అయ్యో, మీ నాయిన గుర్రం నాడ!" అత్త లేచి వచ్చింది. "టాంగ తోలినన్ని దినాలు ఆయనకు ఒక్క దిష్టి తగల్లే. ఇప్పుడు ఊరోళ్ల కండ్లన్ని నీ జీపు మీదనే ఉన్నయి. అందుకే ఆ తిరిగే రాడుకు కట్టిన."

"తిరిగే రాడుకెందుకమ్మా!"

"కదలని దానికి కడితే దిష్టి ఎట్ల తిరిగి పోతదిరా?"

రాడు తిరిగినప్పుడల్లా ఆ నాడ అడుగురేకును కొడుతూ ఉందన్నమాట. నేరస్థుడు ఆయన కంటికి జానెడు దూరంలో వేలాడుతూ, పైగా టార్చి కూడా మోశాడు!

బోల్టు బిగించాం. గిన్నెలోని ఆయిల్ నా చాయ్ వడపోత గుండా తిరిగి లోపలికి పోశాం. గచ్చిబౌలి దాకా వెళ్లొచ్చినా చప్పుడు లేదు. సోమవారం ఎనిమిదింటికి పని మాదైంది. నాడను గూట్లో దేవుడి పక్కన పెట్టాం.

"చూసినవా? టార్చి సరిగ్గా ఆడనే తగిలియ్యాలని నాకెట్ల తట్టింది? దాన్నే మెదడంటరు!"

ఊరు కూడా నమ్మింది. ఈ పొద్దున లింగయ్యే స్వయంగా వచ్చాడు. "అన్నా, నా ట్రాక్టర్ ఎనక ఏందో సప్పుడు. నువ్వే సూడాలె." ఆయన పానా తీసుకుని వెళ్లి మూడు గంటలైంది. హర్షిణి నా ఒళ్లో నిద్రపోయింది, నేను కదల్లేను.

మీలో ఎవరైనా ఇటు వస్తే, లింగయ్య ట్రాక్టర్ కింద రెండు కాళ్లు కనిపిస్తాయి. ఒక్కసారి వంగి, "ఎల్లేశం, మంచిగున్నవా?" అని అడగండి. తిడితే ఫికర్ లేదు. "నేరస్థుడు దొరికిండు" అంటే మాత్రం, ముందు ఆ పానా లాక్కోండి.