వార్డు మెంబరు కేశరక్షణ సంగ్రామం

కోడిపోరు పుణ్యమా అని మహాయుద్ధమునకే దిగిన పల్నాటి పుడమిపై, మిరపకల్లాల ఘాటు దశదిశల వ్యాపించి దిక్పాలకులను సైతం తుమ్మించు మాఘమాసమున, నకరికల్లు మండలాన ఒక వీరుడు అద్దం ముందు నిలిచెను. అతడే ఆదినారాయణుడు, రెండు పర్యాయముల వార్డు మెంబరు, సకల పంచాయతీ తీర్మాన సంతక ధురంధరుడు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలలో అట్టడుగున యువనాయకుల వరుసలో చిట్టచివరి శిరస్సు.

ఏబదియొకటవ ఏట కూడ యవ్వనమే రాజకీయమునకు పెట్టుబడి యని నమ్మి, పై వరుసకెక్కవలెనను ఏకైక కాంక్షతో, పదేళ్లుగా వారం తప్పక చవకరకం డై పట్టించి పట్టించి, భ్రమరనీలమైన తన కేశపాశమును కొబ్బరిపీచు చేసికొన్న ఘనుడాతడు. ఆనాడు దువ్వెన పైకి తీయగా, శిరోజసైన్యమున సగం దానితోపాటే రణరంగం వీడి వచ్చెను.

ఉన్నపళాన నరసరావుపేటకు పరుగిడి, క్షౌరశాలాధిపతి మౌలాలీ ముందు తలవంచెను. మౌలాలీ రెండు వెంట్రుకలు తుంపి చూచి తీర్పు చెప్పెను.

"నాలుగు నెలలు రంగు ముట్టుకోమాకన్నా. కొబ్బరినూనె రాసుకుని ఊరుకో. తొందరపడ్డావా, ఇంక నా కత్తెరకి నీతో పనుండదు."

ఇల్లు చేరిన వీరుడు నూనెసీసాను గదవలె పైకెత్తి, వరండాలో మిరపకాయల తొడిమలు తీయుచున్న ధర్మపత్ని కొండమ్మ వినునట్లు శపథము పూనెను: "సూర్యచంద్రులు సాక్షిగా, తల తెల్లబడిన తెల్లబడుగాక, లోకుల ఎగతాళి శరపరంపరయై కురియుగాక, నాలుగు మాసములు ఆ నల్లరక్కసిని తాకను!"

"ముందా సీసాకి మూత పెట్టు. ఒలికిపోతంది," అనెను కొండమ్మ తలయెత్తకయే.

ఇక అతడనుభవించిన హింస వర్ణింప ఎవరితరము! అడుగున తెలుపు, కొసన ఇటుకరాయి రంగు. టీకొట్టుకు పోగా, పక్కవార్డు మెంబరు లక్ష్మీనారాయణ, "మీ ఇంట్లో మైల ఏమైనా వచ్చిందా" అని జాలిగా పరామర్శించెను. ఉల్లిరసమన్నవాడొకడు, కోడిగుడ్డన్నవాడొకడు, సలహాలిచ్చినవారిలో ముగ్గురు బట్టతలలే. రెండుమార్లు మన వీరుని చేయి అలమరలోని డై పొట్లం దాకా పోయి, మౌలాలీ మాట తలపునకు రాగా వెనుదిరిగెను. పళ్లు నూరుచు నూనె రాసికొనెను.

నాలుగవ నెల నిండెను. ఇటుకరంగు కొసలు మౌలాలీ కత్తెరకు బలియయ్యెను. దువ్వెన దింపగా వెంట్రుక రాలలేదు. సరిగ్గా ఆనాడే నాయకుని పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫొటో కావలెనని కబురు. వెండికొండవంటి శిరస్సుతో ఆదినారాయణుడు జయకర్ ఫ్లెక్సీ కొట్టున ప్రవేశించెను.

"ఒక్క క్లిక్కు బాబాయ్, నల్లగా చేసేస్తా," అనెను జయకర్.

అసలు యుద్ధమిదియే. వెంట్రుక రాలని రంగు! మౌలాలీ సైతం కాదనలేని రంగు! వీరుని నోరూరెను. పదేళ్ల ఆశ ఒకవైపు లాగ, నాలుగు నెలల నూనెతపస్సు మరొకవైపు లాగ, కంప్యూటరు తెరపై తన తలను చూచుకొని, దానిపై ఎన్నడూ ఎరుగని మక్కువ పుట్టి పలికెను.

"వద్దురా. కంటికి రెప్పలా కాచుకున్న జుట్టిది. ఉన్నదున్నట్టే వెయ్యి."

జయకర్ తల గోకికొనెను. ఈ తల యువనాయకుల వరుసలో పెడితే జనం నవ్వుతారని గొణిగి, మౌసుతో పట్టి పైకీడ్చి, పెద్దల వరుసలో ఓ మూల నిలిపెను.

జనులారా, జయభేరి వినుడు! ఆదినారాయణుడు గెలిచెను! పదేళ్ల నల్లరంగుకు దక్కని ఆ జానెడు ఎత్తు, నాలుగు నెలల కొబ్బరినూనెకు దక్కెను.