వరప్రసాదరావు రుచి చూసిన జాడీ

2006 క్రిస్మస్ ఉదయం వరప్రసాదరావు వేసుకున్న పథకం చిన్నదే. చర్చి నుంచి రాగానే సండే స్కూలు పిల్లలకు కేకూ, ద్రాక్షరసమూ ఇచ్చి పంపాలి. భోజనానికి వస్తానన్న కొత్త ఇన్‌స్పెక్టరు కన్నబాబు దగ్గర మంచి మాట సంపాదించాలి. ఎక్సైజు ఆఫీసులో ఆయన గుమాస్తా. ప్రమోషను ఆ ఒక్క మాట మీదే వేలాడుతోంది.

అనకాపల్లి వైన్ షాపుల్లో 'ఇరవై ఒక్క ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మరాదు' అనే బోర్డులు దగ్గరుండి కట్టించింది ఆయనే. అలాంటి మనిషికి ఓ అనుమానం పుట్టింది. పిల్లలకిచ్చే రసం పులిసి ఉంటే? వంటింట్లోకి వెళ్లి, జాడీ మూత తీసి గ్లాసెడు తాగాడు. తియ్యగా ఉంది. గొంతులో ఏదో వెచ్చగా తగిలింది. ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పడం న్యాయం కాదని ఇంకోటి తాగాడు. మూడోది చట్టం కోసం. తరవాతవి దేనికోసమో ఆయనకే గుర్తు లేదు.

కిటికీలోంచి ఎండ బెల్లం పాకంలా జారుతోంది. వాకిట్లో కట్టిన కాగితపు నక్షత్రం గాలి లేకుండానే ఊగుతోంది. చర్చి గంటను ఎవరో నీళ్లలో ముంచి కొడుతున్నట్టుంది. లోకం ఇంత మెత్తగా ఉంటుందని ఇన్నాళ్లూ తెలియనే లేదే అనుకున్నాడు. అంతలో అరుగు మీద పిల్లలు కనిపించారు. చేతుల్లో ఖాళీ గ్లాసులు. అందరూ ఊగుతున్నారు.

"మేరీ, కొంప మునిగింది. రసం పులిసిపోయింది. పిల్లలు తాగీసేరు," అన్నాడు.

కేకు కోస్తున్న భార్య లూర్దు మేరీ "ఏటండీ మీరనేది?" అనేలోగా వాకిట్లోకి దూకాడు.

పిల్లల్ని ముగ్గు గీత మీద నడవమన్నాడు. ఆట కాబోలనుకుని నడిచారు. ఒక్కరి నడకా ఆయనకు తిన్నగా కనిపించలేదు. ఎనిమిదేళ్ల సిరి అయితే ఇద్దరుగా కనిపించింది. "తాగండమ్మా, దిగిపోద్ది," అంటూ ఉప్పేసిన నిమ్మరసం అందరిచేతా తాగించాడు. పిల్లలు ఏడుపందుకున్నారు, తల్లులు పరుగెత్తుకొచ్చారు. "ఎక్సైజాయనే పిల్లలకి మందు పోసేడట," అన్న మాట వీధంతా పాకింది. పక్కింటి సింహాచలం గోడ మీంచి తల పెట్టి, "బావా, ఇది జైలు కేసే. ఉజ్జోగం ఎలాగూ ఉండదు," అని ధైర్యం చెప్పాడు.

అప్పుడే జీపు ఆగింది. వరప్రసాదరావు ఎదురెళ్లి రెండు చేతులూ చాచాడు.

"సార్, చిన్నపిల్లలకి పోసేను. కేసు రాసీండి."

కన్నబాబు సిరిని దగ్గరికి పిలిచి ఊదమన్నాడు. ద్రాక్ష, నిమ్మకాయ, కేకు వాసన. "పిల్లలు బాగానే ఉన్నారు. వరప్రసాదరావు గారూ, మీరోసారి ఊదండి."

ఊదాడు. ఇన్‌స్పెక్టరు అడుగు వెనక్కి వేశాడు.

"పిల్లల జాడీ నేను పొద్దుటే అరుగు మీద పెట్టీసేనండి," అంది లూర్దు మేరీ. "వంటింట్లోది మా అన్నయ్యల కోసం నెల్లాళ్ల కిందట పెట్టిన వైను."

ఎవరి ముందు అందో తోచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కన్నబాబు ముఖం డ్యూటీ ముఖమైపోయింది.

"ఇంట్లో వైను తియ్యడానికి లైసెన్సు ఉందా అమ్మా? ఆ జాడీ ఇలా తెండి."

ప్రమోషను పోయిందనే అనుకున్నాడు వరప్రసాదరావు. కన్నబాబు జాడీని తలకిందులు చేశాడు. రెండు ద్రాక్ష తొక్కలు రాలాయి. ఇంకాస్త దులిపి చూసి, "సాక్ష్యం లేదు. వడ్డించండమ్మా," అన్నాడు.

జనవరిలో ప్రమోషను వచ్చింది. కన్నబాబు రాసి పంపిన మంచి మాట ఒకటే: ఈయన తనిఖీకి దిగితే ఒక్క చుక్క కూడా మిగలదు.