పళ్ళ డాక్టరు పారేసుకున్న రాయి

ఆదివారం ఉదయం అందరికన్నా ముందే తవ్వకాల చోటికి చేరుకోవాలి, రాయిని గుట్టుచప్పుడు కాకుండా దాని సంచిలో వేసెయ్యాలి, ఏమీ ఎరగనట్టు తన గోతిలోకి దిగి కూర్చోవాలి. పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం ఇంతే.

రాయంటే అలాంటిలాంటి రాయి కాదు, ఆదిమానవుడు తోళ్ళు గీక్కున్న రాయి. మూడు నెలలుగా సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి, రోగుల పళ్ళు గీకే చేత్తోనే ఉచితంగా మట్టి గీకుతూ ఉంటే, నిన్న సాయంత్రం మొట్టమొదటిసారి చేతికి తగిలింది. తవ్వకాలు నడిపించే మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చీటీ రాసి సంచిలో వెయ్యండి" అంది. ఆయన చీటీని సంచిలో వేశాడు. రాయిని ఇంకొక్కసారి మురిపెంగా చూసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇల్లు చేరాక గానీ ఆ సంగతి తెలిసిరాలేదు. తవ్విన చోటు నుంచి గులకరాయి తీసుకుపోయినా అక్కడ తవ్వేవాళ్ళ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

తెల్లారి లేచి చూస్తే చొక్కా తీగ మీద ఆరుతోంది. జేబు ఖాళీ.

"అత్తయ్యగారూ, ఇందులో ఒక రాయి..."

"వాషింగ్ మిషన్లో లొడలొడమంటుంటే తీసి కిటికీలోంచి పారేశా. జేబుల్లో రాళ్ళేసుకు తిరిగే వయసా అల్లుడుగారూ మీది?"

కిటికీ అవతల ఉన్నది వాకిలి. వాకిట్లో ఉన్నవి, బురద భరించలేక కిందటి నెలే పరిపించిన రెండు లారీల గులకరాళ్ళు.

డాక్టరు టూత్ బ్రష్షు, పళ్ళు చూసే బుల్లి అద్దం పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. అయిదు నిమిషాలు కాకముందే ఎదురింటి ప్లీడరు గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏం పోయింది డాక్టరుగారూ?"

రాయి అంటే ప్లీడరు ఊరుకోడు, కూపీ మొత్తం లాగుతాడు. చేతిలో అద్దం చూసుకుని డాక్టరు నోరు జారాడు. "ప... పన్ను. పేషెంటుది."

"పన్ను కోసం ఇంత వెతుకులాటా? అయితే బంగారప్పన్నే!"

ప్లీడరు గోడ దూకాడు.

కబురు వీధి చివరికి వెళ్ళేసరికి ఆ పన్ను పన్నెండు పళ్ళయింది, మలుపు తిరిగేసరికి పూర్తి సెట్టయింది. జనం పుట్టలోంచి చీమల్లా వచ్చిపడ్డారు. పిండిమర ఆయన జల్లెడతో దిగాడు. కుట్టుమిషన్ ఆవిడ అయస్కాంతం తెచ్చింది. బంగారానికి అది అంటదని చెప్పినా వినలేదు. ఒక పాత పేషెంటు రొప్పుకుంటూ వచ్చి నోరు తెరిచాడు. "నా పన్ను భద్రంగా దాచానన్నావు కదయ్యా!"

ఇరవై మంది మోకాళ్ళ మీద పాకుతూండగా గేటు ముందు జీపు ఆగింది. మేడమ్ దిగింది.

"ఎనిమిదైనా మీరు రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని..."

"నేను దొంగిలించలేదు మేడమ్!" అని బావురుమన్నాడు డాక్టరు. ఎవరూ అడక్కుండానే జేబు, మిషను, కిటికీ, లేని పన్ను, అన్నీ కక్కేశాడు.

ప్లీడరు మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. "అంటే ఇందాకట్నుంచీ నేను వెతుకుతున్నది రాయి కోసమా? ఇదిగో రాయి! ఇదీ రాయే! తీసుకోండి!" అంటూ ఒక్కొక్కటే డాక్టరు కాళ్ళముందు విసిరికొట్టాడు.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం!" అన్నారు అత్తగారు కిటికీలోంచి.

మేడమ్ మాత్రం వంగి, విసిరిన రాళ్ళలో ఒకటి తీసింది. వేలితో అంచు తడిమింది. ఇంకోటి తీసింది.

"ఎవరూ కదలొద్దు! ఇవి చేత్తో చెక్కినవి. వేల ఏళ్ళ కిందటివి. ఈ రాళ్ళెక్కడివి?"

డాక్టరు భార్య లారీవాడికి ఫోన్ చేసింది. "ఏటి అవతలి గట్టు నుంచటండీ."

మేడమ్ మెట్టు మీద కూలబడింది. మూడేళ్ళుగా తవ్విస్తున్నది ఇవతలి గట్టు.

"మరి నా రాయి?" అన్నాడు డాక్టరు ఆశగా.

"అది ఉత్త రాయండీ. నిన్ననే చెబుదామనుకున్నా. మీ మొహంలో వెలుగు చూసి నోరు పెగల్లేదు."

"అయితే నా తప్పేం లేనట్టేగా?"

"రాయి ఉత్తదే. తీసుకెళ్ళడం మాత్రం ఉత్తది కాదు కదా."

మధ్యాహ్నానికి వాకిలంతా దారాలతో గళ్ళు కట్టారు. అత్తగారు కిందికి దిగివచ్చి, కళ్ళజోడైనా పెట్టుకోకుండా అరగంటలో అయిదు రాతి పనిముట్లు ఏరి మేడమ్ ఒళ్ళో పోశారు. వాకిట్లో తవ్వేవాళ్ళ జాబితాలో మొదటి పేరు ఆవిడదే. పళ్ళ డాక్టరు దరఖాస్తు పరిశీలనలో ఉంది.